రోహిణి కార్తెలో కనపడని రోహిణి

చలి బాగా పట్టింది కదండీ. ధనుర్మాసం వచ్చిందంటే మా నందిగామ వైపు పల్లెల్లో పొద్దుగూకగానే నాలుగు కంపలూ, నిరుటి పత్తికట్టే పోగేసి మంట వేసేస్తారు. డెల్టా వాళ్లకు వరిగడ్డికి కొదవలేదు, మెట్టవాళ్లం మాకు పత్తికట్టే గతి. రండి, ఇలా జరిగి కూర్చోండి. పొగ అటు పోతోంది.

ఇవాళ కబురు చుక్కల గురించి. కంగారు పడకండి, జాతకాలు కావు. నాకు వాటి ఊసే గిట్టదు. నేను చెప్పబోయేది కార్తెల సంగతి.

జగ్గయ్యపేట, నందిగామ, చందర్లపాడు, వత్సవాయి... 2022 నుంచి మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ మా నోట ఇంకా కృష్ణా జిల్లాయే. పక్కనే కృష్ణమ్మ పారుతుంది, మునేరు ఉంది, పాలేరు ఉంది. అయినా మాది మెట్టే. నాగార్జున సాగర్ ఎడమ కాలువకు చివర్న ఉన్నాం. పైవాళ్లు వదిలితే నీళ్లు, లేకపోతే ఆకాశమే దిక్కు. అందుకే మా రైతుకి ఇంగ్లీషు క్యాలెండరు కంటే కార్తెలు ముఖ్యం. రోహిణి పెట్టిందా, మృగశిర ఎప్పుడు పెడుతోంది, ఆరుద్రలో వాన పడుతుందా... పత్తి గింజ పెట్టేవాడు అడిగేవి ఇవే. సూర్యుడు ఏ నక్షత్రం దాపున ఉంటే ఆ కార్తె. మొత్తం ఇరవై ఏడు, ఒక్కోటీ పదమూడు, పద్నాలుగు రోజులు. ఇంతవరకూ మీకూ తెలుసు.

ఇప్పుడు ఒక ప్రశ్న. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఆ ఎండల్లో, రోహిణి చుక్కను ఎప్పుడైనా చూశారా?

చూసి ఉండరు. చూడటానికి వీల్లేదు. మే నెలాఖరున సూర్యుడు సరిగ్గా ఆ పక్కనే ఉంటాడు కనక రోహిణి పగలు ఉదయించి పగలే అస్తమిస్తుంది. మనం పేరు పెట్టి పిలిచే కార్తెలో ఆ చుక్కే కనపడదు. దాన్ని చూడాలంటే ఇదిగో, ఈ చలికాలమే మంచి అదను. సంక్రాంతి నాడు రాత్రి తొమ్మిది దాటాక మంట దగ్గరనుంచి లేచి తల పూర్తిగా వెనక్కి వాల్చండి. నడినెత్తిన, కాస్త నారింజ రంగు కలిసిన పెద్ద చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే రోహిణి. నడినెత్తిన అని మాటవరసకు అనడం లేదు. మన ఊళ్లున్న అక్షాంశం పదిహేడు డిగ్రీలకు కాస్త తక్కువ, రోహిణి తిరిగే దారీ దాదాపు అంతే. ఢిల్లీ వాళ్లకు దక్షిణంగా వాలి కనపడేది మనకు నిట్టనిలువునా నెత్తి మీదుగా పోతుంది.

ఆ రంగు వయసు తెచ్చిన రంగు. రోహిణి ఒకప్పుడు మన సూర్యుడి లాంటిదే, బరువులో ఓ పిసరు ఎక్కువ. వయసు 600 కోట్ల ఏళ్లు పైమాటే. కడుపులో ఉన్న హైడ్రోజన్ అయిపోయింది. నడిమి భాగం కుంచించుకుపోయింది, పైపొరలు ఉబ్బి చల్లబడ్డాయి. ఇప్పుడు అడ్డంగా సూర్యుడికి నలభై నాలుగు రెట్లు ఉంటుంది. మన సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఆయన గతీ ఇదే. బుధుడూ శుక్రుడూ ఆయన పొట్టలోకి పోతారు. భూమి మిగిలినా దాని మీద రోళ్లూ ఉండవు, రోకళ్లూ ఉండవు.

రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరాన ఉంది. అంటే ఈ రాత్రి మీ కంట్లో పడే ఆ వెలుగు బయల్దేరింది సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ రెంటి మధ్యలో ఎప్పుడో బయల్దేరిన వెలుగన్నమాట. పాపం, కాలువ నీళ్లు చివరి భూములకు అందాయో లేదో గానీ ఇది మాత్రం తిన్నగా వచ్చి చేరింది.

ముసలిదాన్ని చూశారు కదా, ఇక పసివాళ్లను చూద్దాం. తూర్పు వైపు చూపు దించితే మూడు చుక్కలు ఒకే వరసలో కనపడతాయి, ఆ వరసకు పైన చిన్న చిన్న చుక్కలు గుంపుగా ఉంటాయి. అది మృగశిర. జూన్ ఎనిమిది ప్రాంతంలో కార్తె పెట్టగానే చేపల కూర వండిస్తారే, ఆ మృగశిర. ఆ గుంపు వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. నవ్వకండి, చుక్కల లెక్కలో అది పొత్తిళ్ల వయసు. ఇంకా లేతవాటిని చూడాలంటే మూడు చుక్కల వరస కిందికి రండి. అక్కడ మసకగా, వేలితో అలికినట్టు ఒక మచ్చ కనపడుతుంది. మామూలు బైనాక్యులర్ ఉంటే చాలు, మబ్బు తునకలా తెలుస్తుంది. అది నీహారిక. 1300 కాంతి సంవత్సరాల అవతల, ఇప్పటికీ నక్షత్రాలు పుడుతూనే ఉన్న చోటు. అక్కడి పిల్లల్లో చాలామందికి పది, ఇరవై లక్షల ఏళ్లు మించి లేవు.

పుట్టడమంటే ఎలా? అసలు కథంతా ఇక్కడే ఉంది, కాస్త తాపీగా చెబుతాను.

చుక్కకూ చుక్కకూ మధ్య శూన్యం అనుకుంటాం గానీ అక్కడక్కడా హైడ్రోజన్ మబ్బులు తేలుతుంటాయి. మహా చల్లన, సున్నాకు 260 డిగ్రీల కింద. ఎంత పలుచనంటే, మనం ప్రయోగశాలలో గాలంతా లాగేసి ఖాళీ అని చేతులు దులుపుకునే సీసాలో కూడా అంతకంటే సరుకు ఉంటుంది. కానీ మబ్బు పొడవు పదుల కాంతి సంవత్సరాలు. అంత సరుకు ఒకచోట ఉంటే దాని బరువు దాన్నే లోపలికి లాగుతుంది. లోపలి వేడి బయటికి తోస్తుంది. ఈ రెంటి పెనుగులాటలో, చల్లగా ఉన్నన్నాళ్లూ బరువుదే పైచేయి. పక్కన ఏ నక్షత్రమో పేలి తోపు తగిలినా చాలు, మబ్బు ముక్కలై ఒక్కో ముక్కా తనలోకి తాను కుంగిపోవడం మొదలెడుతుంది. సైకిలు పంపు గబగబా కొడితే గొట్టం వేడెక్కుతుంది చూడండి, వాయువును నొక్కితే అంతే, వేడెక్కి తీరాలి. కుంగేకొద్దీ నడిమి ముద్ద వేడెక్కుతుంది. చుట్టూ ఉన్నది గిర్రున తిరుగుతూ పళ్లెంలా పరుచుకుంటుంది. ఈ పళ్లాలను 1990లలో హబుల్ టెలిస్కోపు ఆ నీహారికలోనే ఫొటోలు తీసింది. రేపటి గ్రహాలు అందులోంచే పుడతాయి. మన భూమీ అలాంటి పళ్లెంలో తేలినదే.

నడిమి ముద్ద వేడి కోటి డిగ్రీలు దాటాక హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదాంట్లో ఒకటి కలిసి హీలియం అవుతాయి. అప్పుడే చుక్క పుట్టినట్టు. ఇక లోపలికి లాగే బరువుకు బయటికి తన్నే వేడి సరిజోడు, కోట్ల ఏళ్లు కదలకుండా నిలబడుతుంది. మన సూర్యుడు సెకనుకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియం చేస్తాడు, అందులో 40 లక్షల టన్నులు వెలుగైపోతుంది. పొలంలో మన వీపు మాడ్చేది ఆ 40 లక్షల టన్నుల్లో మన వాటాకు వచ్చిన పిసరే.

కృత్తికల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, పిల్లలకోడి అంటే అందరూ గుర్తుపడతారు. ఒకే మబ్బులోంచి పుట్టిన తోబుట్టువులు, వెయ్యికి పైనే ఉన్నారు. కంటికి కనపడేది ఆరో ఏడో. వయసు పది కోట్ల ఏళ్లు. అవి పుట్టేనాటికి ఇక్కడ రాకాసి బల్లులు తిరుగుతున్నాయి. ఫొటోల్లో వాటి చుట్టూ నీలం పొగ కనపడుతుంది. పుట్టినప్పటి మబ్బే ఇంకా వదల్లేదని చాలాకాలం అనుకున్నారు. కాదట, దారిలో తగిలిన వేరే ధూళిమబ్బట.

ఇప్పుడు చూడండి, మే రెండో వారంనుంచి జులై మొదటి వారం దాకా వరసగా వచ్చే కార్తెలు నాలుగు: కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర. ఒకటి పడుచు, ఒకటి ముసలి, ఒకటి పసిగుడ్డు, నాలుగోది చావుకు సిద్ధంగా ఉన్నది. మన పెద్దలకు ఇది తెలిసి పేర్లు పెట్టారని మాత్రం అనకండి. ఈమధ్య అన్నీ మనవాళ్లకు ముందే తెలుసని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు తెలిసింది సూర్యుడి నడక, అదేమీ చిన్న విద్య కాదు. చుక్కల వయసు తేలింది మాత్రం నిన్న మొన్న.

ఆ తేల్చిన వాళ్లలో హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడు ఒకాయన ఉన్నాడు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ అనే ఆయన సొంత సొమ్ముతో ఒక పెద్ద టెలిస్కోపు తెప్పించి హైదరాబాద్‌లో వేధశాల పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది, అదే నిజామియా వేధశాల. ప్రపంచమంతా కలిసి ఆకాశాన్ని వాటాలేసుకుని ఫొటోలు తీద్దామనుకున్నప్పుడు ఒక వాటా హైదరాబాద్‌కి వచ్చింది. లక్షల చుక్కల స్థానాలు కొలిచి, సంపుటాలకు సంపుటాలు అచ్చేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో, ఫొటో పలకల మీద కళ్లు కాయలు కాచేలా! ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. 1927లో పుట్టాడు, నిజాం కాలేజీలో చదివాడు, హార్వర్డ్ వెళ్లిన ఏడాదే, 1949లో, ఒక తోకచుక్కను కనిపెట్టాడు. కానీ ఆయన పేరు నిలబడింది కాల్షియం వల్ల.

కాల్షియం అంటే మన సున్నంలో ఉండేదే. చుక్క వెలుగును రంగులుగా విడదీస్తే ఊదా రంగు వైపు ఒక నల్లని గీత కనపడుతుంది, అది కాల్షియం వేసే గీత. రోహిణిలాంటి చల్లబడ్డ నక్షత్రాల్లో ఆ నల్ల గీత మధ్యలో సన్నటి వెలుగు గీత ఒకటి తొంగిచూస్తుంది. ఆ సన్నగీత ఎంత వెడల్పుంటే చుక్క అంత ప్రకాశవంతమైనదని 1957లో ఓలిన్ విల్సన్, బప్పు కలిసి చూపించారు. దీంతో ఏం ఒరిగిందంటారా? చుక్క అసలు ప్రకాశం తెలిస్తే, మనకు కనపడే వెలుగుతో పోల్చి దూరం చెప్పేయొచ్చు. దూరం తెలియకుండా చుక్క చిన్నదో పెద్దదో, లేతదో ముదురుదో ఎవరు చెప్పగలరు? విల్సన్–బప్పు ప్రభావమని ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. బప్పు 1982లో పోయాడు. తమిళనాడులో కావలూరు దగ్గరి పెద్ద టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు.

సున్నం మాట వచ్చింది కనక జగ్గయ్యపేట వెళ్దాం. ఆ చుట్టుపక్కలంతా సున్నపురాయే. జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. ఆ రాయిలో ముఖ్యంగా ఉండేవి మూడు: కాల్షియం, కార్బన్, ఆక్సిజన్. విశ్వం పుట్టినప్పుడు ఈ మూడూ లేవు. హైడ్రోజనూ హీలియమూ తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. కార్బన్‌లో కొంత భాగం ముసలి చుక్కలు చివరి రోజుల్లో ఊదేసినది. ఆక్సిజన్ భారీ నక్షత్రాల కడుపున వండినది, అవి పేలినప్పుడు చిమ్మినది. కాల్షియం కూడా పేలుళ్ల సరుకే. అలాంటి భారీ నక్షత్రంలో హీలియం కార్బన్ అవుతుంది, కార్బన్ ఇంకా బరువైనవి అవుతుంది, చివరికి ఇనుము దగ్గర ఆగుతుంది. ఇనుమును కలిపితే శక్తి రాదు, ఎదురు ఖర్చవుతుంది. పొయ్యి ఆరిపోతుంది, నడిమి భాగం ఒక్క సెకనులోపే కూలుతుంది, మిగతాదంతా ఎగిరిపోతుంది. ఆ ఎగిరిపడ్డ ధూళి మళ్లీ మబ్బుల్లో కలిసి, మళ్లీ చుక్కై, గ్రహమై, సముద్రపు అడుగున పేరుకుని, బండై, ఇవాళ లారీకెక్కి బట్టీలో 1450 డిగ్రీల దగ్గర కాలుతోంది. హైవే మీద మన ముందు పోయే సిమెంటు లారీని తిట్టుకుంటాం గానీ దాని సరుకు వచ్చిన దూరం చూస్తే హారన్ కొట్టబుద్ధి కాదు.

ఆ రాతి మీదే రెండు వేల ఏళ్ల కిందట శిల్పులు బౌద్ధస్తూపానికి బొమ్మలు చెక్కారు. జగ్గయ్యపేట దగ్గర ధనబోడు గుట్ట మీద ఉన్న ఆ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అందులో దొరికిన పలకల్లో చక్రవర్తి మాంధాతది ఒకటి ఉంది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో. రాజు పొడుగ్గా, సన్నగా నిలబడి చెయ్యి పైకెత్తుతాడు. పైన మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. గుండ్రటివి కావు, నలుచదరపువి, ఆ కాలపు నాణేలు అలాగే ఉండేవి. ఒకదాని కింద ఒకటి వరసగా, వానధారలాగే చెక్కాడు ఆ పనివాడు. బంగారు వాన అది. పిట్టకథ అని కొట్టిపారేయకండి. 2017 ఆగస్టు 17న, 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడం భూమ్మీద పరికరాలకు తెలిసింది. పేలి చచ్చిన భారీ చుక్కల కళేబరాలు అవి. ఆ గుద్దుకోవడంలో బంగారం లాంటి బరువు లోహాలు పుట్టి ఎగజిమ్మాయని వెలుగు గీతలు పట్టి చూసి తేల్చారు. మన మెడల్లో తాళిబొట్లలోని బంగారం, కొంతైనా, అలాంటి చోటినుంచి రాలినదే.

అయ్యో, మంట తగ్గింది. ఆ కొరివి ఇటు తొయ్యండి.

ఇప్పుడు పాలపుంత సంగతి. చందర్లపాడు దాటి కృష్ణ ఒడ్డుకు వెళ్తే వేసవి అర్ధరాత్రి ఇంకా కనపడుతుంది; హైవే పక్కన ఊళ్లలో దీపాల వెలుగుకి ఎప్పుడో మాయమైంది. దక్షిణాన వృశ్చిక రాశిలో తేలుకొండి దగ్గర అది బాగా చిక్కగా ఉంటుంది, ఆ కొండినే మూల నక్షత్రం అంటారు. మన గెలాక్సీ నడిబొడ్డు అటువైపే, 26,000 కాంతి సంవత్సరాల దూరాన. అక్కడ 40 లక్షల సూర్యుళ్ల బరువున్న నల్లబిలం కూర్చుని ఉంది. ఆ బరువు తూచినవాళ్లకు 2020లో నోబెల్ ఇచ్చారు, 2022లో దాని ఫొటో కూడా వచ్చింది. ధనుర్మాసం మొదలవగానే సూర్యుడు మూలలోకి వస్తాడు కదా, అంటే ఈ రోజుల్లో మనం పొద్దున్నే ఎండ కాచుకుంటున్నామంటే సూర్యుడి వెనకాల, ఎంతో వెనకాల, ఆ నడిబొడ్డు ఉందన్నమాట.

గెలాక్సీలూ పుట్టాయి, పెరిగాయి. 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైనప్పుడు అంతా దాదాపు ఒకే సాంద్రతలో ఉంది. దాదాపు మాత్రమే. రవ్వంత ఎక్కువున్న చోట బరువు ఇంకా లాక్కుంది, కంటికి కనపడని చీకటి పదార్థం ముందు గుంపుకట్టింది, దాని వెంట వాయువు జారింది, చిన్న చిన్న గెలాక్సీలు ఏర్పడ్డాయి. తర్వాత పెద్దది చిన్నదాన్ని మింగింది. ఇందులో మన పాలపుంత మహా ఆబగా తిన్నది. వెయ్యి కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద ముద్దే మింగినట్టు గయా ఉపగ్రహం కొలతలతో 2018లో బయటపడింది. మన పత్తి తీతల రోజుల్లో, తుఫాను భయపెట్టే స్వాతి కార్తె ఉంది చూడండి, ఆ స్వాతి చుక్క కూడా చుట్టుపక్కల చుక్కలతో పొసగకుండా అడ్డదిడ్డంగా పరిగెడుతుంటుంది. ఏ మింగిన గెలాక్సీ తాలూకుదోనని కొందరికి అనుమానం, అది తేలలేదు.

ఇలా మింగుతూ మింగుతూ చక్కని చుట్లు తిరిగిన రూపం రావడానికి చాలాకాలం పడుతుందనుకున్నారు. 2025లో పుణె శాస్త్రవేత్తలిద్దరు జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో వెతికి, విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసు నాటికే చుట్లు చుట్లుగా తీరి కూర్చున్న గెలాక్సీని పట్టుకున్నారు. అలకనంద అని పేరు పెట్టారు. మన పాలపుంతలో ఇప్పుడు ఏడాదికి ఒకటో రెండో సూర్యుళ్లకు సరిపడా సరుకు చుక్కలవుతోంది. అక్కడ ఇరవై, ముప్పై రెట్ల జోరు. అంత తొందరగా అంత ముస్తాబు ఎలా కుదిరిందో ఇప్పుడు లెక్కలు వేసుకుంటున్నారు. ఉత్తరాభాద్ర దగ్గర మసకగా కనపడే ఆండ్రోమెడా మన పెద్ద పొరుగు, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, మనవైపే వస్తోంది. రెండూ గుద్దుకోవడం ఖాయమని మొన్నటిదాకా చెప్పారు. 2025లో మళ్లీ లెక్క చూసి, వెయ్యి కోట్ల ఏళ్లలో అవకాశం సగానికి సగం అంటున్నారు. మా తగాదాల్లో పెద్దమనుషులు చెప్పే తీర్పుల్లా ఉంది.

ఆరుద్ర మిగిలింది. మూడు చుక్కలకు ఎడమగా, ఎర్రగా ఉంటుంది. తొలకరిలో చేలగట్ల మీద మఖమల్లు తునకలా పాకే ఎర్ర ఆరుద్ర పురుగుకు ఆ పేరు కార్తె వల్ల వచ్చినా రంగు మాత్రం చుక్కకు భలే కలిసింది. సూర్యుడి చోట ఆరుద్రను పెడితే అంగారకుడి దారి కూడా దాని పొట్టలో పడుతుంది. బరువు పదిహేను, ఇరవై సూర్యుళ్లు. బరువెక్కువ కనక తిండీ ఎక్కువే, పుట్టి కోటి ఏళ్లు కాకుండానే నడిమి భాగంలోని హైడ్రోజనంతా కాల్చేసుకుంది. 2019 చివర్లో అది ఉన్నట్టుండి మసకబారి, ఫిబ్రవరి నాటికి మూడో వంతు వెలుగే మిగిలేసరికి పేలబోతోందని ఒకటే హడావుడి. తీరా చూస్తే అది ఊదిన ధూళే అడ్డం వచ్చింది. పేలడం మాత్రం తప్పదు. రేపు కావచ్చు, లక్ష ఏళ్లకు కావచ్చు.

పేలితే ఎలా ఉంటుందంటే, రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరం ఏలుతుండగా 1054లో మృగశిరకు ఉత్తరంగా ఒక చుక్క పేలింది. ఇరవై మూడు రోజులు పట్టపగలు కనపడిందని చైనావాళ్లు రాసిపెట్టుకున్నారు. దాని దూరం 6500 కాంతి సంవత్సరాలు. ఆరుద్ర అందులో పదో వంతు దూరాన ఉంది. అది పేలితే రాత్రి ఆ వెలుగుకి నీడలు పడతాయి.

మొన్న ఇదే మంట దగ్గర ఈ మాట చెబితే మా మేనమామ గడ్డం గోక్కుని, "ఏరా అబ్బాయ్, ఆరుద్ర చుక్కే లేకపోతే ఆరుద్ర కార్తె ఎట్టా వచ్చిద్దిరా? ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు, ఇక కురవదా?" అన్నాడు. కురుస్తుంది మావయ్యా అన్నాను. కార్తె అంటే చుక్క కాదు, ఆకాశంలో చుక్క చుట్టూ మనవాళ్లు గీసుకున్న గడి. చుక్క పోయినా గడి పోదు, సూర్యుడు జూన్ 22కి అందులోకి వచ్చి తీరతాడు. ఆయన కాసేపు మంటకేసి చూసి, "అయితే పర్లేదు. నేను మిర్చి నారు మడి సంగతి ఆలోచిస్తన్నా" అని, ఆ లెక్కన విత్తనాల కొట్టువాడు ఈసారైనా అప్పు ఇస్తాడా లేదా అన్న చర్చలోకి దిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.